నగరం గురించి రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేసి నవల రాస్తానంటున్నావట, అది అయ్యాక సినిమాలకీ రాస్తావట. అదీ దొంగల గురించి, పోలీసుల గురించి, రాత్రంతా రోడ్ల మీద బతికేవాళ్ల గురించి. "నువ్వైనా చెప్పు అక్కా" అన్నాడు. ఏం చెప్పమంటావురా అంటే వాడి దగ్గర జవాబు లేదు. వాడికి నీ మీద బెంగ. నాకూ బెంగే. కానీ ఫోన్ పెట్టేశాక నాకు కలిగిన గర్వం సంగతి వాడికి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఇన్నేళ్లూ నవలలూ స్క్రీన్‌ప్లేలూ రాసుకుంటూ బతికినదాన్ని. మన ఇంట్లో ఈ పని నాతోనే ఆగిపోతుందనుకున్నాను తల్లీ.

కాబట్టి ఇది నిన్ను ఆపడానికి రాస్తున్న ఉత్తరం కాదు.

రోజూ రాయి. రాసింది పైకి చదువుకో. స్క్రీన్‌ప్లే ఫార్మాట్ నేర్చుకోవడానికి వారం చాలు, పేజీకి తెర మీద సుమారు ఒక నిమిషం అని గుర్తుంటే నిడివి అదుపులో ఉంటుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఉద్యోగం మాత్రం రేపే మానకు. వీధి గురించి రాయాలంటే వీధిలో తిరగాలి. అక్కడివాళ్లకి నీ ముఖం అలవాటు కావడానికే నెలలు పడుతుంది. ఆ తర్వాత రాయడానికి ఏళ్లు. ఆ ఏళ్లలో నీకు ఎవరూ జీతం ఇవ్వరు. చేతిలో డబ్బు అయిపోతుంటే రచయిత చేసే మొదటి పని తొందరగా ముగించడం. ఆ తొందర పుస్తకంలో కనిపిస్తుంది, ముఖ్యంగా చిన్న పాత్రల్లో. టీ ఇచ్చి వెళ్లేవాడికీ, తలుపు తీసేవాడికీ మనసు లేకుండా పోతుంది.

ఈ దారిలో నడిచినవాళ్లలో నేను తరచుగా తలుచుకునే మనిషి న్యూయార్క్ రచయిత రిచర్డ్ ప్రైస్. 1949లో పుట్టాడు. ఆ నగరంలోని బ్రాంక్స్‌లో ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో పెరిగాడు. మొదటి నవల 1974లో వచ్చింది, అది తను పెరిగిన చోటు గురించే. 1983కల్లా నాలుగు నవలలు అచ్చయ్యాయి. అప్పటికి సొంత జీవితం ఖర్చయిపోయింది, రాయడానికి ఏమీ మిగల్లేదు. కొకైన్‌కి కూడా అలవాటు పడ్డాడు, తర్వాత బయటపడ్డాడు. ఆ కాలంలోనే సినిమాలకి రాయడం మొదలుపెట్టాడు. స్కోర్సెసీ తీసిన 'ద కలర్ ఆఫ్ మనీ' 1986లో వచ్చింది, ఆ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ దక్కింది. డబ్బూ పేరూ రెండూ వచ్చిన చోటు అది. అక్కడే ఉండిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ పోలీసులతోనూ, వీధి మూలల్లో మాదకద్రవ్యాలు అమ్మే కుర్రాళ్లతోనూ తిరిగి, 1992లో 'క్లాకర్స్' అనే పెద్ద నవలతో తిరిగొచ్చాడు. నాలుగో నవలకీ అయిదో నవలకీ మధ్య తొమ్మిదేళ్లు.

ఆ తొమ్మిదేళ్ల గురించి నువ్వు ఆలోచించాలి. నీ మొదటి నవల నీకు తెలిసిన నాలుగు వీధులతో నడిచిపోతుంది. రెండోది కూడా ఎలాగో నడుస్తుంది. మూడోదానికి వచ్చేసరికి నువ్వు బయటికి వెళ్లక తప్పదు, నీకు తెలియని మనుషుల ముందు నోరు మూసుకుని కూర్చోక తప్పదు. చాలామంది ఆ చోటనే ఆగిపోతారు. పాత పుస్తకాన్నే కొత్త పేర్లతో మళ్లీ రాస్తారు, లేదంటే సినిమాల్లోకి వెళ్లి మళ్లీ రారు.

తొందర గురించి అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ప్రైస్ 2015లో హ్యారీ బ్రాంట్ అనే మారుపేరుతో ఒక క్రైమ్ నవల వేశాడు. మారుపేరుతో అయితే చకచకా రాసేయొచ్చనుకున్నాడు. దానికీ ఏళ్లే పట్టాయి. పేరు మార్చుకున్నంత మాత్రాన రాసే చెయ్యి మారదు కదా.

నువ్వు వినాల్సిన భాష గురించి కొంచెం. వీధి భాష అంటే బూతులనుకునేవాళ్లు చాలామంది. మొదటి పేజీలోనే పది బూతులు పెట్టి, ఇదీ నిజజీవితం అంటారు. మనుషులు తమకి కావలసినదాన్ని నేరుగా అడగరమ్మా. బాకీ వసూలుకి వచ్చినవాడు ముందు "అమ్మగారికి ఒంట్లో ఎలా ఉంది" అంటాడు. ఆ ఇంట్లోవాడికి చేతులు వణికేది ఆ మాటకే. బెదిరింపు ఎక్కడుందో వెతికి పట్టుకో, దాన్ని మర్యాదగా రాయి. సీన్ రాశాక మొదటి మాటా చివరి మాటా కొట్టేసి చూడు, తొంభై శాతం సార్లు అవి లేకపోతేనే బాగుంటుంది.

ఇంకా ముఖ్యమైనవి పని వివరాలు. స్టేషన్‌లో డ్యూటీ ఎన్నింటికి మారుతుంది, మారే ఆ అరగంటలో ఫిర్యాదు పట్టుకొచ్చినవాళ్ల గతేమిటి, బెయిల్ కాగితం చేతికొచ్చేలోపు ఇంటివాళ్లు ఎక్కడ కూర్చుంటారు, సరుకు పట్టుకునేవాడు డబ్బు ఎందుకు ముట్టుకోడు. ఇలాంటివి తెలిస్తే కథ దానంతటదే కదులుతుంది. తెలియకపోతే తుపాకీ పెట్టాల్సివస్తుంది. వాస్తవికత పేరుతో వచ్చేవాటిలో నాకు చిరాకు తెప్పించేది అదే, పని తెలియనిచోటల్లా రక్తం పోస్తారు.

పోలీసు జీపులో కూర్చుని తిరిగే అవకాశం వస్తే వెళ్లు. కానీ ఒకటి. జీపు ఎక్కించుకున్నవాడి కళ్లతోనే నువ్వు ఊరు చూడటం మొదలుపెడతావు. వాడు నీకు భోజనం పెట్టిస్తాడు, ఇంటి దగ్గర దింపుతాడు, నవ్విస్తాడు. నెల తిరిగేసరికి రోడ్డు మీద నిలబడ్డ ప్రతి కుర్రాడూ నీకు అనుమానితుడిగా కనిపిస్తాడు, నీకు తెలియకుండానే. అటువైపు కూడా అన్ని రోజులూ కూర్చోవాలి. బాల్టిమోర్ సన్ పత్రికలో క్రైమ్ రిపోర్టర్‌గా చేసిన డేవిడ్ సైమన్ 1988లో ఏడాదంతా హత్యకేసుల విభాగంలో పోలీసుల మధ్య గడిపి ఒక పుస్తకం రాశాడు. అంతటితో ఆపలేదు. కొన్నేళ్లకి, పోలీసు ఉద్యోగం వదిలేసిన ఎడ్ బర్న్స్‌తో కలిసి, అదే నగరంలో మాదకద్రవ్యాలు అమ్మే ఒక వీధి మూలలో ఇంకో ఏడాది గడిపాడు. ఆ రెండో ఏడాది లేకుండా వాళ్ల టీవీ సిరీస్ 'ద వైర్' అలా ఉండేది కాదని నా నమ్మకం. దానికి కొన్ని ఎపిసోడ్లు రాసినవాళ్లలో మన ప్రైస్ కూడా ఉన్నాడు, నవలాకారులే అయిన జార్జ్ పెలెకనోస్, డెనిస్ లెహేన్ కూడా ఉన్నారు.

ఇక నా భయాలు. మీ నాన్న అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఎక్కడికి వెళ్తున్నావో ఎవరో ఒకరికి చెప్పి వెళ్లు. మొదటిసారి వెళ్లేచోటికి ఆ చోటు తెలిసిన మనిషితోనే వెళ్లు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకు, ఇవ్వకు. "ఈ సంచి ఒక్క గంట నీ దగ్గర పెట్టుకో" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయ్, మర్యాద పోతే పోనీ. జరిగిపోయినదాని గురించి అడుగు, జరగబోయేదాని గురించి అడగకు. వాళ్లు చెప్పబోయినా ఆపు. రేపు జరగబోయే నేరం ఈరోజు నీకు తెలిస్తే నువ్వు రచయితవి కావు, సాక్షివి. నోట్‌బుక్‌లో అసలు పేర్లు రాయకు. ఆ నోట్‌బుక్‌ని కోర్టు అడగొచ్చు, ఎవరైనా ఎత్తుకెళ్లొచ్చు, బస్సులో మర్చిపోవచ్చు. నువ్వు చిన్నప్పటి నుంచీ పుస్తకాలు ఎక్కడపడితే అక్కడ పడేసే దానివి. ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు మానుకోవాలి, గట్టిగా చెబుతున్నాను.

కానీ నీకేమైనా అవుతుందన్న భయం కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది నాకు. అది చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నాతోపాటు సినిమాలకి రాసిన స్నేహితుడు ఒకడుండేవాడు. పేరు రాయను. మాలో అందరికంటే బాగా రాసేవాడు. చెవి అంటే వాడిది. ఎవరైనా మాట్లాడుతుంటే ముఖం వాళ్లవైపు పెట్టి, పూర్తయ్యేదాకా కదిలేవాడు కాదు. అందుకే అందరూ వాడికి అన్నీ చెప్పేవారు. అప్పులు వసూలు చేసే ఒక మనిషితో వాడికి స్నేహం కుదిరింది. ఆ మనిషి మెల్లమెల్లగా తన కథంతా చెప్పాడు. ఎవరిని కొట్టాడో, ఎవరికి భయపడ్డాడో, ఏ రాత్రి పిల్లల పక్కన పడుకుని నిద్రపట్టక లేచి కూర్చున్నాడో. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన ముఠాలో ఒకడి గురించి పోలీసులకి చెప్పింది తనేనని కూడా చెప్పాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నా స్నేహితుడు దాన్ని నవల చేశాడు. మోసం చేయాలని కాదు. పేరు మార్చాడు, పేట మార్చాడు, అప్పుల వసూలుని ఇంకో వ్యాపారం చేశాడు, పిల్లల సంఖ్య మార్చాడు. చదివినవాళ్లం ఎవరమూ తప్పు పట్టలేదు. ఒక్క వివరం మాత్రం వదులుకోలేకపోయాడు. ఆ మనిషి చనిపోయిన తమ్ముడి చేతిగడియారాన్ని కుడిచేతికి కట్టుకునేవాడు. అది నడవదు. ఎవరైనా టైమ్ అడిగితే దానివైపు చూసి, ఆకాశం వైపు చూసి, అంచనాగా చెప్పేవాడు. అలాంటి వివరం ఒక రచయిత చేతికి దొరికితే వదలడం ఎంత కష్టమో నీకు ఇప్పుడు తెలియదు, తెలుస్తుంది. ఆ ఒక్క పేరాలోనే పాత్ర లేచి నిలబడింది.

నవల బాగా అమ్ముడుపోయింది. సినిమావాళ్లు కొన్నారు. స్క్రీన్‌ప్లే కూడా వాడే రాశాడు. నవల చదివినవాళ్లు వేలమంది, కానీ ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్లలో పుస్తకాలు చదివేవాళ్లు తక్కువ. సినిమా అలా కాదు. పోస్టర్ మీదే హీరో కుడిచేతి గడియారం ఉంది. మొదటిరోజు మొదటి ఆట చూసి బయటికి వచ్చినవాళ్లకి అది ఎవరో తెలిసిపోయింది. గడియారం నిజమైతే పోలీసులకి చెప్పిన సీను కూడా నిజమేనని వాళ్లకి అర్థమైపోయింది. వ్యాపారం మార్చడం, పేట మార్చడం, పిల్లల్ని మార్చడం ఏదీ అడ్డురాలేదు.

ఆయన కుటుంబంతో సహా ఊరు వదిలాడు. వెళ్లేముందు నా స్నేహితుడి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కొడతాడనుకున్నాం. కొట్టలేదు, అరవలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. "అన్నీ మార్చావు కదా సార్. ఆ గడియారం ఒక్కటి ఎందుకు ఉంచావు?" అని అడిగాడు. నా స్నేహితుడి దగ్గర సమాధానం ఉంది. బాగుంది కాబట్టి ఉంచాడు. ఆ సమాధానం ఆయన ముఖం చూసి చెప్పగలిగేది కాదు. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. తర్వాత ఆయన ఏమయ్యాడో మాకెవరికీ తెలియలేదు. నా స్నేహితుడు ఆ తర్వాత ఇంకో నవల రాయలేదు. సినిమాలకి రాశాడు, చివరిదాకా రాశాడు, అన్నీ ఎవరో చెప్పిన కథలే, ఎవరి జీవితమూ లేనివి. వాడిలో ఉన్న ఆ చెవి ఏమైందని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను.

అందుకే చెబుతున్నాను. మనిషిని పట్టించేది పేరు కాదు. నడక, ఊతపదం, వేలికి ఉన్న మచ్చ, ఎప్పుడూ కూర్చునే కుర్చీ, ఒక్కసారే జరిగిన సంఘటన. నీ డ్రాఫ్ట్ పూర్తయ్యాక అందులోని ప్రతి మనిషి గురించీ ఒక ప్రశ్న వేసుకో: ఇతని తమ్ముడు ఇది చదివితే గుర్తుపడతాడా? గుర్తుపడతాడంటే నీకు ఎంత నచ్చినా ఆ వివరం తీసెయ్. ముగ్గురి జీవితాలు కలిపి ఒక్కడిని చెయ్. గడియారం ఒకడిది, భయం ఇంకొకడిది, ద్రోహం మరొకడిది కావాలి. భయాన్ని ఉన్నదున్నట్టు రాయి, ఎందుకంటే భయం చూసి ఎవరూ ఎవరినీ గుర్తుపట్టరు, అది అందరిదీ ఒకటే. ప్రైస్ 'క్లాకర్స్' కోసం తిరిగింది న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో, కానీ నవల జరిగేది డెంప్సీ అనే ఊరిలో. ఆ ఊరు మ్యాపులో లేదు. తర్వాత రెండు నవలలు కూడా ఆ లేని ఊరిలోనే నడిపాడు. ఆయన కారణాలు ఆయనవి. నాకు మాత్రం అందులో ఒక మర్యాద కనిపిస్తుంది. ఏ మూలనీ వేలు పెట్టి చూపించి "అదిగో వాడే" అనలేరు.

ఇదంతా నవల దశలోనే చెయ్యాలి. సినిమా దాకా ఆగితే నీ చేతిలో ఉండదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వాళ్లు "ఈ గది ఎక్కడ చూశారు మేడమ్" అని అడుగుతారు. కాస్ట్యూమ్స్‌వాళ్లు ఫోటోలు అడుగుతారు. నటుడు "ఆ మనిషిని ఒకసారి కలవొచ్చా" అంటాడు. వాళ్లందరూ మంచి పనివాళ్లే, వాళ్ల పని నిజాన్ని వెతకడం. అసలు మనిషి నీ పుస్తకంలోనే లేకపోతే వాళ్లకి దొరకడు.

కథ చెప్పినవాళ్లకి ముందే చెప్పు, నువ్వు రచయితవని, ఇది ఎప్పుడో పుస్తకం కావచ్చని, సినిమా కూడా కావచ్చని. ఒకసారి కాదు, స్నేహం కుదిరాక మళ్లీ చెప్పు. స్నేహం కుదిరాక మనుషులు ఆ సంగతి మర్చిపోతారు. వాళ్లు మర్చిపోవడం నీకు లాభం, అందుకే గుర్తుచేసే బాధ్యత నీది. "ఇది రాయకు" అన్నది రాయకు. చెప్పేసి నాలుక కరుచుకున్నది కూడా రాయకు.

కాంట్రాక్టుల గురించి రెండు మాటలు. నీ నవల మీద ఆప్షన్ ఇవ్వడం వేరు, హక్కులు అమ్మేయడం వేరు. ఆప్షన్ అంటే ఫలానా కాలం వరకు ఇంకెవరికీ ఇవ్వకుండా నువ్వు ఆగడం, దానికి వాళ్లు డబ్బిస్తారు. గడువు లేని ఆప్షన్ కాగితం మీద సంతకం పెట్టకు. సీక్వెల్, సిరీస్, ఇతర భాషలు, ఇవన్నీ కలిపి "సమస్త హక్కులు శాశ్వతంగా" అని ఒక వాక్యంలో దూర్చేస్తారు, ఆ వాక్యం కోసం వెతుకు. స్క్రీన్‌ప్లే కూడా నువ్వే రాస్తుంటే ఎన్ని డ్రాఫ్టులు, ఏ డ్రాఫ్టుకి ఎంత, పేరు తెర మీద ఎలా పడుతుంది, అన్నీ రాతలో ఉండాలి. నోటిమాట మీద రాసిన డ్రాఫ్టుకి డబ్బు రాక ఇబ్బందిపడ్డవాళ్లని నేను చాలామందిని చూశాను.

నీ నవలకి స్క్రీన్‌ప్లే నువ్వే రాయాలన్న పట్టుదల కూడా వద్దు. బ్రెజిల్‌లో పాలో లిన్స్ తను పెరిగిన మురికివాడ గురించి రాసిన 'సిటీ ఆఫ్ గాడ్' నవల 1997లో వచ్చింది, దాన్ని 2002లో సినిమాగా తీసినప్పుడు స్క్రీన్‌ప్లే బ్రౌలియో మంతోవానీ రాశాడు. నవలలో ఒక మనిషి తలలో నలభై పేజీలు కూర్చోవచ్చు. తెర మీద ఆ నలభై పేజీలు తలుపు దగ్గర చెప్పులు విప్పాలా వద్దా అని ఆగే రెండు సెకన్లుగా మారాలి. నీకు ఆ కోత చేతనవుతుందా లేదా అన్నది రాసి చూస్తేగానీ తెలియదు. చేతకాకపోతే సిగ్గుపడాల్సిందేం లేదు.

నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బస్సులో విన్న గొడవని ఇంటికొచ్చి నాకు మాట మాట చెప్పావు, ఇద్దరి గొంతులతో. కండక్టర్ మధ్యలో ఎక్కడ ఊపిరి పీల్చుకున్నాడో కూడా చెప్పావు. మీ అమ్మ కొట్టబోయింది, ఎవరి గొడవో నీకెందుకని. నేను అడ్డుపడ్డాను. ఆరోజే నాకు అనిపించింది, మీ నాన్నకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నీకు ఆ చెవి ఉంది. అందుకే ఇంత కఠినంగా రాశాను, ఏడవకు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆర్నెల్లు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు తిరిగి, మొదటి మూడు అధ్యాయాలు రాయి. నాకు పంపు. నువ్వు ఎవరిని కలుస్తున్నావో నాకు చెప్పాల్సిన పనిలేదు, అసలు చెప్పకు. అధ్యాయాలు చదివి వాళ్లెవరో నేను ఊహించగలిగితే మాత్రం వెంటనే ఫోన్ చేస్తాను, కూర్చుని ఇద్దరం కలిసి మారుద్దాం. ఎవరైనా నిర్మాత కాగితం పట్టుకొస్తే, ఎంత తొందరపెట్టినా, నేను చదివేదాకా సంతకం పెట్టకు.

ప్రేమతో,
మీ అత్తయ్య